ఏడు పలకలు తక్కువ

ఆసిఫ్‌నగర్ల పాతిల్లు. చేసేది వంటింటి మందమే.
పద్దెనిమిది వేలు. పిండి డబ్బాల కెళ్ళి తీసి
రెండుసార్లు లెక్కవెట్టి ఇచ్చింది ఇఖ్లాస్,
సూడాన్ నుంచి వచ్చినామె. ఆమెకు మా ఊరే పరదేశం.
ఇంటాయన కిరాయిల పట్టుకొమ్మన్నడట, అదీ సగమే.

పెచ్చులు గీకితే లోపల డంగుసున్నం,
దాని కింద నీలం, దాని కింద ఎవరిదో పొయ్యి మసి.
సిమెంటు కొడితే ఈ గోడకు ఊపిరాడది.
అది ఆమెకు చెప్పాలె.

మస్కట్ల ఆరేండ్లు చేసిన నేను.
నాకొచ్చిన అరబ్బీ అంత సూపర్‌వైజర్లు నేర్పిందే:
తే, పో, లెవ్వు, జల్దీ, పైసలు రేపు.
ఉన్న మాటలతోనే చెప్పిన:
"సిమెంటు, పో! గాలి, జల్దీ!"
ఆమె నవ్వు ఆపుకోలేదు.

పగటీలి నల్ల చాయల అల్లమేసి తెచ్చి
"ఇస్తరీహ్" అన్నది.
ఏందని అడిగిన. స్టూలు చూపెట్టింది.
ఆరేండ్లల్ల ఆ మాట నా చెవుల పడనే లేదు.

పలకలు భోజగుట్ట దిక్కు కూలగొట్టిన ఇంటివి,
ఒక్కోటి పదకొండు రూపాయలు, మూలలు బోయినయి.
ఏడు తక్కువ పడ్డయి.
సిలిండర్ కింద వదిలెయ్యి, ఎవరు చూస్తరని ఆమె.
నీళ్ళు చూస్తయి కదా అన్న, తెలుగుల.
పగిలిన ముక్కలు ఏరి అక్కడ పరిచిన.

చెంబెడు నీళ్ళు గుమ్మరించిన.
జరసేపు నిలబడ్డయి, ఎటు పోవాలో తెల్వనట్టు,
మెల్లగ మోరీ దిక్కు మళ్ళినయి.
ఇద్దరం వంగి చూస్తున్నం.

మూడొందల యాభై మిగిలినయి.
ఆమె దర్వాజకు రంగంటది.
నేను గొళ్ళెమంటున్న.