ఆటు లేని పోటు

నవంబరు ఇరవై మూడున వార్దో ఊరికి
సూర్యుడు సెలవు పెట్టేశాడు.
జనవరి మూడో వారం దాటితే గాని రాడు.
ఆ మధ్యాహ్నమే యోర్డిస్ నా క్లినిక్‌కి వచ్చింది,
బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకుని,
అడక్కముందే ఎడమచెయ్యి బల్లమీద చాపి.

నలభై ఏళ్లు రేవు ఆఫీసులో
సముద్రం ఎత్తు రాసిన మనిషి.
రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు,
సెంటీమీటర్లలో, నీలం సిరాతో.
ఇప్పుడు ఆమె ఎత్తు నేను రాస్తున్నాను:
పైన నూట అరవై ఎనిమిది, కింద తొంభై ఆరు.
"ఇది పోటు సరే," అంది, "ఆటెప్పుడు?"
నా దగ్గర జవాబు లేదు.
సీసా ఉంది.

సీసాలో తొంభై గోళీలు,
తేనెరంగువి, ఒక్కోటీ చేపకన్నంత.
కొన్ని సీసాల్లో డి విటమిను,
కొన్నింట్లో ఉత్త నూనె.
ఎవరికేది దక్కిందో ఆమెకి తెలీదు, నాకూ తెలీదు.
ఎక్కడో దక్షిణాన ఒక బీరువాలో
అంటించిన కవరుకి తెలుసు.
చెయ్యి ఇచ్చినవాళ్లకీ, పట్టుకున్నవాళ్లకీ
ఇద్దరికీ గంతలు. పరీక్ష అంటే అదే.

సీసాని దీపానికెత్తి చూసింది.
చిన్నప్పుడు వాళ్లమ్మ ముక్కు మూసి
చెంచాడు కాడ్ చేప నూనె పోసేదట,
ఉమ్మెయ్యకుండా వెంటనే రొట్టెముక్క కుక్కేదట.
"అదే ఎండ ఇది. కంపు పోయింది, ధర పెరిగింది."

డిసెంబరులో లెక్కపెడితే
పదకొండు తక్కువ.
"ఎక్కువ మింగావా?"
"ఓద్వార్‌కిచ్చా. అతనికి బీపీ లేదు, దిగులుంది."
నా ఫారంలో దిగులుకి గడి లేదు.
పదకొండు అని రాసి ఊరుకున్నాను.

ఒకసారి ఇంటికెళ్లాను, తుఫానుకి ఆమె రాలేక.
ఉప్పుచేప గిన్నెలో నానుతోంది, పొద్దుటి నుంచీ.
మూడు రోజులు నానాలి, రోజూ నీళ్లు మార్చాలి అన్నాను.
"ఆకలి సముద్రం కాదు నాయనా,
పట్టిక చూసుకుని రాదు."
గడియారం వెనక ఒక మాత్రల పట్టీ,
డాక్టరు రాసిన బీపీ మాత్రలు,
ఒక్క బుడగా చిట్లలేదు.
"అవి నోరెండగడతాయి," అంది, నా చూపు పట్టుకుని.
"ఇదైతే ఎండ."

జనవరిలో పిల్లలకి బడి లేదు.
ఊరంతా కోట గోడ దగ్గర, ముక్కులెర్రగా.
సముద్రం మీద నారింజ తొన ముందు,
తర్వాత సగం, తర్వాత మొత్తం.
ఫిరంగి పేలింది, కుక్కలు అరిచాయి.
అంత వాలు ఎండ చర్మానికి చాలదని
నేను చదువుకున్నాను.
అయినా మొహం తిప్పుకున్నవాడు ఒక్కడూ లేడు,
నాతో సహా.
యోర్డిస్ మాత్రం చేతిగడియారం చూసి
నిమిషం రాసుకుంది.

ఏప్రిల్‌లో కవరు విప్పారు.
ఆమెది అసలు సీసానే.
రక్తంలో డి రెట్టింపైంది.
పైన నూట అరవై ఏడు, కింద తొంభై ఆరు.

ఎలా చెప్పాలో రిహార్సల్ చేసుకుని వెళ్లాను.
కిటికీలోంచి ఓద్వార్ కనిపిస్తున్నాడు,
పడవకి రంగేస్తూ, ఈల వేస్తూ.
దాన్ని ఏ గడిలో రాయను?
చెప్పాను. వింది. నిరాశపడుతుందనుకున్నాను.
నన్ను, పాపం గుమాస్తాని చూసినట్టు చూసింది.

"ఎండ లోపలికి వచ్చింది, మంచిదే.
ఎముకలకి పనికొస్తుందేమో, ఉండనీ.
పోటంటావా, నీళ్లని సూర్యుడూ లాగుతాడు,
కానీ సగం బలమైనా ఉండదు.
లాగేదెవరో నన్నడిగితే
నవంబరులోనే చెప్పేదాన్ని."

లేచి, చేప గిన్నెలో నీళ్లు ఒంపేసింది.
కొత్త నీళ్లు పట్టింది.
గడియారం వెనక చెయ్యి పెట్టి తడిమి
పట్టీ మీద బొటనవేలు నొక్కింది.
చిటుక్కుమని అరచేతిలో పడింది,
తెల్లగా, గుండ్రంగా,
కొంచెం గడియారం దుమ్ముతో.