డ్రైవర్ దొరకలేదు

చూళై సందులో మా జిరాక్సు కొట్టు.
ఆయాసపడే ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని
రిచీ స్ట్రీట్‌కి మోసుకుపోతే
దస్తగీర్ మూత తీసి, దాని మూలుగు కాసేపు విని,
"అక్కా, విండోస్ బరువు మోయలేకపోతోంది ఇది.
లినక్సు వేస్తా. దానికి డబ్బులక్కర్లేదు,
కాస్త ఓపిక కావాలంతే" అన్నాడు.
ఓపికకేం,
పద్నాలుగేళ్ళుగా ఆధార్ కార్డులు
రెండు వైపులా తీస్తున్నదాన్ని.

కొట్టుకొచ్చి మీట నొక్కితే
తడిగుడ్డతో తుడిచిన పలకలా తెర.
స్పీకరు పలికింది. మౌసు కదిలింది.
వైఫై గుర్తు ఉండాల్సిన మూల మాత్రం
ఊడిన పన్ను సందులా ఖాళీ.

ఫోన్ చేస్తే,
"దానికి డ్రైవర్ దొరకలేదక్కా.
నెట్టులోంచి దించుకోవాలి."
నెట్టు రావాలంటే డ్రైవరు రావాలి,
డ్రైవరు రావాలంటే నెట్టు రావాలి.
పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు,
పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అని
మా నాయనమ్మ అన్నది ఈ కార్డు గురించే కాబోలు.

షేరాటో పక్కన ఆపి టీకొచ్చిన మునిరత్నం
చివరి మాటొక్కటే విన్నాడు.
"డ్రైవరేగా? ఇరవయ్యేళ్ళ బ్యాడ్జి నాది.
పనికిరానా?"
నాకు నవ్వు రాలేదు.
ఆయన జేబులో ఫోను లాక్కుని
ఛార్జింగు తీగతో దీనికి ముడివేశాను.
నల్ల తెర మీద
దస్తగీర్ చెప్పే ముక్కలు కూడబలుక్కుంటూ కొట్టాను.
ఇక్కడ గీత, ఇక్కడ ఖాళీ, ఇక్కడ మళ్ళీ గీత.
పాస్‌వర్డు కొడుతుంటే ఒక్క చుక్కైనా పడదు,
చీకట్లో బియ్యం కొలిచినట్టు.
అక్షరాలు బిలబిలా పరుగెత్తి
ఆగాయి.
మూలన పన్ను మొలిచింది.

"చూశావా, డ్రైవరే తెచ్చాడు" అని
టీ డబ్బులు నా గల్లాలోంచే తీసుకున్నాడు.

ఇక అటక మీది ప్రింటరు.
కొత్త విండోస్ దాన్ని నువ్వెవరని అడిగిన నాటి నుంచి
దుమ్ములో పడుంది పాపం.
తీగ గుచ్చానో లేదో
ఇది దాన్ని పూర్తి పేరుతో, నంబరుతో సహా పిలిచింది.
సీడీ అడగలేదు, సంతకం అడగలేదు.
గొంతు సవరించుకుని, రెండు కాగితాలు నమిలి,
మూడోసారికి తమిళ్‌సెల్వి హాల్‌టికెట్టు
ముఖంతో సహా బయటపెట్టింది.

మొన్న కొన్న స్కానరును మాత్రం
ఇప్పటికీ చూడనట్టే ఉంటుంది.
అట్టపెట్టె మీది అమ్మాయి
ఎవరి కోసమో నవ్వుతూనే ఉంది.

ఇంకో జబ్బు కూడా ఉంది దీనికి.
మూత వేస్తే పడుకుంటుంది,
తీస్తే లేవదు.
దస్తగీర్ మూడు మందులు చెప్పాడు, మూడూ పారలేదు.
అందుకే రాత్రి షట్టరు దించే ముందు
మునిరత్నం ఒక ఖాళీ సబ్బుపెట్టె
మూత సందులో ఇరికిస్తాడు.
చీకట్లో ఆ సన్నటి వెలుగు,
రెప్ప పూర్తిగా వాల్చని చంటిదానిలా.
"లేపకు" అంటాడు గుసగుసగా,
షట్టరు మాత్రం వీధంతా లేచేలా లాగుతూ.