రెండో పేట

హాస్టల్ మంచం కోడుకి
ఎప్పుడూ ఒక నల్ల సిల్కు దారం వేలాడుతుంటుంది.
డ్యూటీ దిగొచ్చి చెప్పులు విడవకముందే
రెండు ముళ్లు వేస్తాను.
సబ్బు నురగ చేతులతో కొన్ని,
లైటు ఆర్పి, కళ్లు మూసుకుని కొన్ని.
"మంచానికి ఉరేస్తున్నవా?" అంటుంది సుప్రజ,
దుప్పటిలోంచి.

గట్టుప్పల్‌లో మా ఇంట్లో
ముడి పుట్టిందే విప్పడానికి.
అమ్మ ఆసు పోసిన పట్టుపోగుల మీద
గీతలు చూసుకుంటూ
నాయిన సైకిల్ ట్యూబు పేలికలు బిగించేటోడు.
రంగులో ముంచి, ఆరేసి,
మళ్లా ఒక్కొక్కటే గోటితో విప్పేటోడు.
కట్టిన చోటల్లా తెల్లగా పువ్వు మిగిలేది.
ఏడేండ్లకే చిటికి కట్టిన దాన్ని.
నా వేళ్ల మీద నాకు కొంచెం పొగరు.

నల్లగొండ పెద్దాసుపత్రిలో
ఆ పొగరు ఎవరికీ అక్కర్లేదు.
మొదటి ఏడు పీజీ అంటే
చీము, చక్కెర జబ్బు కాళ్లు,
దొరకని రక్తం కోసం బ్లడ్ బ్యాంకు మెట్లు,
ఎవరి కడుపునో తెరిచి పట్టుకుని
నాలుగు గంటలు గడపలా నిలబడటం.
"చెయ్యి కదిలింది," అంటుంది నస్రీన్ మేడమ్.
చెయ్యి కదల్లేదు మేడమ్,
నిద్ర కదిలింది.

పరుపుతాళ్ల కాలం. మాపటేళ.
పంతంగి ఐలయ్యను ఆటోలో తెచ్చిండ్రు.
మోకు తెగలేదు, కాలు జారింది.
నడుముకి ఇంకా ముస్తాదు అట్లనే ఉంది.
బీపీ అందడం లేదు,
కడుపు బిగుసుకుంటోంది.
సిస్టర్ ఫిలోమినా కత్తెర తీసింది.
"కొయ్యకుండ్రి," అన్నాడు ఐలయ్య,
మాట మునిగిపోతుండగా,
"మోకు ఖరాబైతది."
ఆ ముడి నేనే విప్పాను.
చెమటకు ఉబ్బిన తాడు,
తాటిపీచు వాసన,
మూడు గోళ్లు విరిగాయి.

ప్లీహం రెండు ముక్కలు.
మేడమ్ క్లాంపులు వేసి,
నా వైపు చూడకుండానే అంది:
"రా. ఈ ముడి నువ్వెయ్యి."
ఒక పేట.
రెండో పేట.
క్లాంపు వదిలాక ఒక్క క్షణం
అంతా బాగానే ఉంది.
తర్వాత
ఎండిపోయిందనుకున్న బావిలో ఊట.
కేక నా గొంతు దాటకముందే
మేడమ్ వేళ్లు అక్కడున్నాయి.

తిట్టలేదు.
తిడితే బాగుండేది.
చేతులు కడుక్కుంటూ, నల్లా కట్టేస్తూ అంది:
"రెండు పేటలూ ఒకే దిక్కు వేసినవ్.
రెండోది మొదటిదానికి ఎదురు తిరగాలె.
పైన కుట్టు అందరూ చూస్తరు.
లోపల నువ్వేసింది
మళ్లా ఎవ్వరూ చూడరు."

నాలుగో రోజు ఐలయ్య అడిగాడు:
"ఏం తీసేసిండ్రు బిడ్డా?"
"ప్లీహం."
ముఖం ఖాళీగా పెట్టాడు.
"తిల్లి," అన్నాను.
కుట్లు చేత్తో అదుముకుని నవ్వాడు.
"మేకదైతే కాల్చుకుని తింటం.
నాదేం జేసిండ్రు?"
డబ్బాలో పెట్టి పరీక్షకు పంపామని చెప్పాను.
జారిన ముడి సంగతి చెప్పలేదు.
అతను పెట్టిన దండం
తప్పించుకోవడానికి
కేసు షీటు తిరగేశాను.

ఆ రాత్రి నాయిన ఫోను.
"చేతులెట్లున్నయ్?"
నేత ఇంట్లో ఆరోగ్యం అట్లనే అడుగుతరు.
మంచిగనే ఉన్నయన్నాను,
కోడు మీద ముప్పయ్యో ముడి బిగిస్తూ.
పొద్దున ఊడ్చే మణెమ్మ
గుప్పెడు నల్లదారాలు ఎత్తి చూపించింది:
"గిన్ని ఎంటికలు ఊడుతున్నయేందమ్మా?"

పదో రోజు పై కుట్లు విప్పాను.
కట్టిన చోట తెల్లగా ఏం మిగల్లేదు.
రెండు వరసల ఎర్రటి చుక్కలు, అంతే.
"చెట్టెప్పుడెక్కాలె?"
"ఆర్నెల్లు ఆగాలె."
"నేనాగుత. తాళ్లాగుతయా?"

మంచం కిందినుంచి మోకు లాగి
మందుల సంచి, ఎక్స్‌రే కవరు, స్టీలు గ్లాసు
కలిపి కట్టుకున్నాడు,
నాతో మాట్లాడుతూనే,
చేతుల దిక్కు చూడకుండానే.
నేను చూశాను.
ఒక పేట ఇటు.
రెండోది, దానికదే,
ఎదురు తిరిగింది.