అంచు

మైలుతుత్తం కలిపిన మైదా జిగురు
పొయ్యి మీద ఉడుకుతుండగా
ప్రహరాజ్ బాబు రిక్షా దిగి
ఆల్బమొకటి బల్ల మీద పెట్టాడు.
కలకత్తా ఫుట్‌పాత్ మీద కొన్నాడట.
వెన్ను విరిగింది, మూలలు చెదలు నమిలాయి.
"కొత్త అట్ట వెయ్యి. అంచులు మురికి,
నాలుగు వేపులా అరంగుళం కోసెయ్యి.
పూజల్లోగా కావాలి, ఎగ్జిబిషను."

పర్లాకిమిడి పేలస్ వీధిలో నా కొట్టు.
బోర్డు మీద పైన ఒడియా, గొడుగులు పట్టుకుని నడుస్తున్నట్టు,
కింద తెలుగు, తలకట్లు పెట్టుకుని.
లోపలున్న కత్తికి మాత్రం ఏ భాషా రాదు.

దారాలు విప్పాను.
అర్మేనియా అనే దేశపు చర్చిలు.
బొంగరం తిరగేసినట్టు మొనదేలిన గోపురాలు.
నిలువెత్తు రాళ్ల మీద శిలువలు,
శిలువల మొదట్లో తీగలు, తీగల్లో దానిమ్మకాయలు.
మా వీధి భగవాన్ మహరణా
దున్నకొమ్ములో కొంగ ఈక తీర్చేటప్పుడు
ఊపిరి బిగబడతాడే,
అలా బిగబట్టిన ఊపిరి
ఆ రాళ్లలో ఇంకా ఉంది.

ప్రతి బొమ్మ మీదా తెల్లగీతలు, అంకెలు.
కమాను వెడల్పు. గోడ మందం.
రాళ్లయిపోయాక చివరి పుటలో
పక్కనుంచీ ఎదురునుంచీ ఒక పుర్రె.
మొదటి పుటలో గొడ్డలి కట్టిన కర్రల మోపు ముద్ర.
కింద అచ్చయిన ఏడు: ముప్పై ఆరు.

ముప్పై ఆరు మాకూ తెలుసు.
ఆ ఏడే మమ్మల్ని ఇటు వేసి గీత గీశారు.
పటం చుట్ట చంకలో పెట్టుకున్న ఒకాయన
అరుగు మీద జిగురు కలుపుతున్న మా తాతని
"నువ్వేటి?" అని అడిగాడట.
"బైండర్ని."
"అది కాదు, నువ్వేటి?"
"బైండర్నే బాబూ."
ఆ గడిలో ఏం రాసుకున్నాడో
ఇప్పటికీ మాకు తెలీదు.

మిషన్ ఆసుపత్రి ముసలి కాంపౌండరు
బెనెడిక్ట్ రయితాకి ఇటలీ మాటలు కొన్ని వచ్చు,
ఫాదర్ల దగ్గర మందులతో పాటు నేర్చాడు.
కళ్లద్దాలు తుడుచుకుని ముందుమాట చదివాడు:
"ఈ రాళ్లు మన రక్తం. ఈ ఉలి మన ఉలి.
ఆర్యుల చెయ్యి తప్ప ఏ చెయ్యీ
ఇంత తిన్నగా చెక్కదు.
తూర్పున తప్పిపోయిన మన తమ్ముడు వీడు."

"మంచిగానే పొగిడాడు కదా" అన్నాను.
సవర ముసలాయన నవ్వాడు.
"మా తాతనీ ఇలాగే పొగిడీవోరు,
తలకి టేపు చుట్టీముందర."
కాసేపాగి, మెల్లిగా:
"తమ్ముడంటాడు గానీ, ఆ తమ్ముడి పేరు
పుస్తకం మొత్తంలో ఒక్క చోటా లేదు సూడు."

నిజమే. గుమ్మాలున్నాయి, దాటినవాళ్లు లేరు.
ఇరవై ఏళ్ల కిందటే వాళ్లని ఎడారిలోకి నడిపించి
చంపారన్న మాట
ఏ పుటలోనూ లేదు.

నలభై ఒకటో బొమ్మ ఆవిరికి ఊడింది.
అట్ట కిందికి మడిచేసిన ఫోటో ముక్క:
గోడ నీడన ఒకామె,
గోనె మీద పళ్లు ఆరబోస్తూ,
కెమెరా వేపు కాకుండా
బయటెవరినో చూస్తోంది.

అంచుల నిండా పెన్సిలు రాతలు.
బాబు మురికన్నది వీటినే.
కొక్కేల్లాంటి అక్షరాలు, రయితాకీ రావు, నాకూ రావు.
కలకత్తాలో ఆ మనుషులూ ఉండేవారట,
వాళ్లకో చర్చీ, వీధీ.
ఒక చోట కిటికీ దగ్గర బాణం గుర్తు.
ఒక చోట అంకె కొట్టేసి వేరే అంకె.
ఒక చోట ఒకే మాట మూడు సార్లు,
మూడోసారికి ముక్కు విరిగినట్టుంది.
ఊరి పేరేమో. పిల్ల పేరేమో.
"అబద్ధం" అనేమో.

కత్తి నూరాను. అరంగుళం కొలిచాను.
నలభై ఏళ్లుగా కోసిన అంచులతోనే
జిగురు పొయ్యి రాజేస్తున్నానని
ఆ రాత్రే గుర్తొచ్చింది.

కొయ్యలేదు. లోపలికి మడిచాను, ఒక్కో పుటా,
చంటిదాని గౌను అంచు మడిచి కుట్టినట్టు,
ఎదిగితే విప్పుకోవచ్చని.
ఆమెనీ ఓ మడతలో దాచాను, పళ్లతో సహా.
ధైర్యమేం కాదది. బాబుకి ఎదురు చెప్పలేదు.
కూలి డబ్బులు పూర్తిగా తీసుకున్నాను.

బాబు అంచు మీద వేలు పోనిచ్చి
"తిన్నగా కోశావు" అన్నాడు.

అద్దాల పెట్టెలో పెట్టారు.
పైన ఒడియాలో, "మన ప్రాచీన బంధువులు."
జనంలో నిలబడి నేనూ చూశాను.
తేమకి మడతలు కాస్త ఉబ్బాయి.
పుస్తకం
పూర్తిగా మూసుకోవటం లేదు.