రెండు పాదాల్లోనూ నాడి బాగుంది

హుద్‌హుద్ వచ్చిన ఏడాది
మా మల్కాపురం క్లినిక్కు రేకులు ఎగిరిపోయి
పద్దెనిమిదేళ్ల కేసు షీట్లు తడిసి ముద్దయ్యాయి.
పక్కింటి మేడ మీద రాళ్లు పెట్టి ఆరబెట్టాం,
జాలరిపేటలో కవళ్లు ఆరబెట్టినట్టు.
ఎండాక చూస్తే సిరా అంతా ఒకటే నీలం.
ఎవరి ఉబ్బసం ఎవరిదో,
ఎవరికి పెన్సిలిన్ పడదో.

అందుకే కంప్యూటర్ని నేను తిట్టను.
అది వచ్చిన రోజు హేమసుందరి పెట్టిన పసుపు బొట్టు
మానిటర్ మూల ఇంకా ఉంది.

పుట్టిన తేదీ వెయ్యకపోతే ముందుకు కదలదు గనక
మా పేషెంట్లలో సగం మంది జనవరి ఒకటిన పుట్టారు.
గుండెల్లో పీకులాటకి గడి లేదు గనక
అందరిదీ ఛాతీ నొప్పే.
అయినా నడుస్తోంది.
సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా అరవై టోకెన్లు.
రిఫైనరీ వాసన కిటికీలోంచి వచ్చి
తనూ ఒక టోకెన్ తీసుకున్నట్టు కూర్చుంటుంది.

ఒక చిన్న బటన్ ఉంది.
నొక్కితే పోయినసారి రాసిందంతా
ఇవాళ్టి తేదీ కట్టుకుని వచ్చి నిలబడుతుంది.
అలవాటైపోయింది నాకు,
రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున్నే తాలింపు పెట్టుకున్నట్టు.

కోరాడ గురువులు, యాభై ఎనిమిది.
డాక్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరు. పదకొండేళ్లుగా సుగరు.
బీమా కాగితాలకి పాత నోట్లు కావాలన్నాడు ఇవాళ,
చంక కర్రలు గోడకి ఆనించి.
హేమసుందరి ప్రింటు తీసింది, పధ్నాలుగు పేజీలు.
నాకిస్తూ ఒకసారి చూసింది. ఏమీ అనలేదు.

మార్చి: రెండు పాదాల్లోనూ నాడి బాగుంది.
మే: రెండు పాదాల్లోనూ నాడి బాగుంది.
జూన్ పంతొమ్మిదిన పెద్దాసుపత్రిలో
ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.
ఆగస్టు: రెండు పాదాల్లోనూ నాడి బాగుంది.
అక్టోబరు కూడా.
కింద నా పేరు, నా రిజిస్ట్రేషన్ నంబరు,
సెకన్లతో సహా టైము.

ఆగస్టులో చూసి అయ్యో అన్నాను కూడా.
అంటూనే బటన్ నొక్కాను.
మరి మార్చిలో?
చెప్పుల దాకా వంగానా, స్క్రీన్ దాకానేనా?

దిద్దబోయాను. ఒప్పుకోలేదు.
సంతకమైన నోటు చెరపడం కుదరదట,
కింద అనుబంధం రాసుకోవచ్చట.
సిరా అయితే తుపానుకైనా కరిగేది.

గురువులికి చెప్పాను. ఏ తప్పో చెప్పి,
అది నాదేనన్నాను.
ఆ వాక్యాన్ని హేమసుందరి చేత తెలుగులో చెప్పించుకున్నాడు,
రెండుసార్లు.
"అయితే మేడమ్, అందులో నా కాలు ఇంకా ఉన్నట్టేనేటి?"
"ఉన్నట్టే."
"బాగున్నట్టే?"
తల ఊపాను.
నవ్వాడో, దగ్గాడో.
"ఉండనీయండి మరి. ఎక్కడో ఓ కాడ ఉంది గదా.
బీమావోడికి మాత్రం సరిగ్గా రాసియ్యండి."

నవ్వితే క్షమించినట్టు కాదు, తెలుసు.
చంక కర్ర నేలకి తగిలిన చప్పుడు విన్నాను.

కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను.
కుడి చెప్పు విప్పి, పాదం పైన
బొటనవేలి ఎముక పక్కన రెండు వేళ్లు పెట్టి వెతికాను.
దొరకలేదు. కాస్త జరిపాను.
బయట యారాడ బస్సు హారన్.
మళ్లీ జరిపాను.
ఉంది, సన్నగా,
నీళ్ల అడుగున లంగరు తాడు లాగినట్టు.

లేచి టైపు చేశాను, ఒక్కో అక్షరం:
కుడి పాదంలో నాడి బలహీనం. ఎడమ పాదం లేదు.

నలభై మూడో టోకెన్ వచ్చి కూర్చుంది,
ఒళ్లో నిద్రపోతున్న పిల్లాడితో.
స్క్రీన్ ఎప్పటిలాగే మర్యాదగా అడుగుతోంది:
పోయినసారి నోటు తెచ్చి పెట్టమంటారా?
బయట ఇంకా పదిహేడు మంది.
నా వేలు ఎటు కదులుతుందోనని
హేమసుందరి తలుపు దగ్గర ఆగింది.