ఐదూ, పాయింట్ ఒకటీ

అట్టపెట్టె మీద నవ్వుతున్న కుటుంబానికి
సోఫా గది నట్టనడుమ ఉంది.
మాది గోడకి ఆనుకుని ఉంది.
డండీలో, కొండవాలు వీధిలో, మూడో అంతస్తులో
సోఫా ముందుకి జరిపితే తలుపు తెరుచుకోదు.

వాడిన సరుకే.
ఆదివారం సంతలో ఒకాయన
కారు డిక్కీలోంచి తీసి ముప్ఫై పౌండ్లకిచ్చాడు.
"అన్నీ పలుకుతాయి, ఒకటి కాస్త ఆలస్యంగా" అన్నాడు.
ఏదో చెప్పలేదు.

కంప్యూటర్ని వెనక్కి తిప్పితే దుమ్ము,
దుమ్ములో ఉత్పల పోయిందనుకున్న చెవిపోగు,
దాని పైన వరసగా చిల్లులు.
పచ్చది ముందరి జంటకి, నల్లది వెనకటి జంటకి,
నారింజది నడిమిదానికీ ఊఫర్‌కీ.
గులాబీది మైకుది, అందులో పెట్టకు నాన్నా
అని మంజీర అనేలోపే పెట్టేశాను.

మేకులు కొట్టకూడదు,
అద్దె కాగితంలో పదకొండో షరతు.
అందుకని వైరు తివాచీ కింద దూరి
హీటరు కాళ్ళ మధ్య పాకి
తలుపు దాకా వచ్చి ఒక్క మూర తక్కువైంది.
తక్కువైన చోటే ఇస్త్రీబల్ల నిలబెట్టాం.
దాని మీద వెనక ఎడమ.
వెనక కుడి బియ్యం డబ్బా మీద.

ఊఫర్ ఎక్కడ అంటే
ఉత్పల ఫోన్లో దిక్సూచి తెరిచి
"బరువు నైరుతిలో" అంది.
నవ్వాను గానీ
ఖాళీ కూడా అక్కడే ఉంది.
ఎనిమిది దిక్కులకి ఎనిమిదిమంది కావలి ఉండాల్సిన చోట
మాకు ఐదుగురే దొరికారు,
పైన ఒక పాయింటు.
లెక్కకి పదోవంతు,
ఒంటికి అందరికన్నా పెద్ద.

ఇక పరీక్ష.
ఒక ఆడగొంతు "ముందు ఎడమ" అంటుంది,
వెంటనే రేకుల మీద వాన లాంటి చప్పుడు.
మంజీర కళ్ళు మూసుకుని వేలు చూపిస్తుంది.
ముందు ఎడమ. నడుమ. వెనక కుడి.
ఒక్కటీ తప్పలేదు.

ఇప్పుడు నువ్వు, అంది.
గొంతు మూగబోయేలా చేసి వాన మాత్రం ఉంచింది.

కుడి.
కుడి.
కుడి.

"నాన్నా, ఆటలొద్దు."

ఏడో ఏట గవదబిళ్ళలు వచ్చాయి,
పోతూ పోతూ ఎడమ చెవిని తీసుకెళ్ళాయి.
పెద్ద సంగతేం కాదు.
భోజనాల బల్ల దగ్గర ఏ కుర్చీ నాదో తెలుసు.
రోడ్డు దాటేముందు రెండుసార్లు చూస్తాను.
ఉత్పల ఎప్పుడూ నా కుడిపక్కనే నడుస్తుంది,
అది వాళ్ళ ప్రేమ అనుకుంటుంది మంజీర,
కాదని మేమూ చెప్పలేదు.
ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావని
నన్నెవరూ అనలేరు.
వదలడానికి రెండోది లేదు,
విన్నవన్నీ లోపలే ఉన్నాయి.
చుట్టూ అనే మాట మాత్రం
ఒకరు చెప్పగా తెలుసు.

పిల్ల ఏమీ అడగలేదు.
వెళ్ళి ఇస్త్రీబల్ల పక్కన నిలబడింది,
అది పలికినప్పుడు చెయ్యెత్తింది.
బియ్యం డబ్బా దగ్గరికి పరిగెత్తి మళ్ళీ ఎత్తింది.
అలా పరిగెత్తడంలోనే కనిపెట్టింది,
ఆలస్యం చేసేది వెనక ఎడమ అని.
తెర మీద దూరాలు మార్చింది:
ఆరడుగులు, నాలుగున్నర.

ఆఖర్న ఊఫర్.
గ్లాసులో టీ వలయాలు కట్టింది.
అది ఆగాక ఇంకో మోత.
ఢబ్. ఢబ్ ఢబ్.
మంజీర తల అటూ ఇటూ తిప్పింది.
ముందా? వెనకా?
తెర మీద ఏ బొమ్మా వెలగట్లేదు.

"కింద" అన్నాను.
అరికాళ్ళు చెప్పాయి.

కింద ఇంటి మిసెస్ పెట్రీ, చీపురుకర్ర.

మంజీర శబ్దం తగ్గించడానికి ఉరికింది.
నేను మాత్రం కళ్ళు మూసుకునే
ఆవిడ ఇంకొక్కసారి కొడుతుందేమోనని
పాదాలు కదపకుండా నిలబడ్డాను.