శేరు తవుడు

మావది రేకుల షెడ్డు, నెల్లిమర్ల రోడ్డులో.
బోర్డు లేదు. తెలిసినోళ్ళు వస్తారు,
తెలీనోళ్ళు టైరు పంచరైతే వస్తారు.

బ్లాకు, చీపురుపల్లి దగ్గర కాలిపోయిన అంబాసిడరుది.
క్రాంకు ట్రెక్కరుది. బరంపురం పాతినప కొట్లో
కిలోల లెక్కన తూయించాడు, కంద దుంపలా.
కార్బొరేటరు ఏదో జీపుది. ఏ జీపని అడగొద్దన్నాడు.
డైనమో మీద ఇంకా ఎర్రమన్నుంది,
ఏ పొలంలో ట్రాక్టరుకి వెలుగిచ్చిందో.
పిస్టన్లు మూడు ఒక తల్లి బిడ్డలు.
నాలుగోది విడిగా దొరికింది,
కందిరీగ మట్టిగూడు పెట్టుకున్న డబ్బాలో.

పదోక్లాసు లెక్కల్లో తప్పిన ఆ ఎండాకాలం
నేను కిరసనాయిల్లో నట్లు కడుగుతున్నాను.

"నాలుగూ ఒక్క బరువుండాలిరా గుంటడా,
నేకపోతే లోపల దెబ్బలాడుకుంటాయి."
పిస్టన్లు తువ్వాల్లో చుట్టి
గంటస్తంభం వెనక కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాడు.
వెండి తూచే త్రాసు. జిడ్డు పళ్ళేన్ని
తుడిచీ తుడిచీ విసుక్కున్నాడు ముసలాయన.
విడిగా దొరికింది
పద్దెనిమిది గురివింద గింజలు ఎక్కువ తూగింది.
మావ వీధరుగు మీదే కూచుని ఆకురాయి పట్టాడు.
పొడి రాలుతోంది. కంసాలి అలవాటు కొద్దీ
దాన్ని కాగితంలోకి ఎత్తి, ఓ క్షణం చూసి,
నవ్వుకుని ఊదేశాడు.

లైనర్లు టర్నరు కూర్మయ్య తిప్పాడు.
జూట్ మిల్లు గేటుకి తాళం పడ్డాక
ఆయన చేతులు నిద్రపోవడం లేదని వాళ్ళావిడ చెప్పింది.
నూలుపోగంత తేడాని గోటితో కనిపెట్టేవాడు.
కూలి అడగలేదు. లేత్ ఆపేశాక
ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు.

రాత్రి గాస్కెట్ కత్తిరిస్తూ అడిగాను,
ఇన్ని ఇళ్ళ సామాను ఒక్కచోట బతుకుతాదా మావా?
"నాకు ముందు ముగ్గురు పోనార్రా.
నన్ను చాటలో ఎట్టి ఎదురింటామెకి ఇచ్చీసి
మళ్ళీ శేరు తవుడిచ్చి కొనుక్కున్నాది మాయమ్మ.
తవిటినాయుడని పేరెట్టినారు.
సావొచ్చి సూసుకున్నాది. ఈడు ఈ ఇంటోడు కాడనుకోని
ఎల్లిపోనాది."
ఆపైన మాట్లాడలేదు. టార్చి కిందికి పట్టమన్నాడు.

మొదటిసారి దగ్గింది. రెండోసారి నల్లగా కక్కింది.
మూడోరోజు తెల్లారగట్ల
షెడ్డు రేకులన్నీ పళ్ళు కొరికినట్టు అదిరాయి.
ఆగలేదు.
మూడో సిలిండరు మాత్రం పిసరంత వెనకపడుతోంది.
మావ స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి విన్నాడు.
సరిచేస్తాడనుకున్నాను.
"ఉండనీ" అన్నాడు.

కారు తప్పెటగుళ్ళ జట్టు పెద్ద బంగారయ్యది.
డిక్కీ నిండా గజ్జెలు, గుండెకి కట్టుకునే తప్పెటలు.
బానెట్ మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని,
వెనకపడ్డ ఆ దెబ్బని
కాలి బొటనవేలితో లెక్కపెట్టాడాయన.
"ఇంతకీ ఇది ఏ కంపెనీదోయ్?"
మావ చేతులు తుడుచుకుంటూ
"ముందు ఓ శేరు తవుడట్టుకురా, సెప్తాను."

నవ్వులాటనుకున్నాడు. కాదు.
తెచ్చాక, షెడ్డు వెనక కట్టేసిన గేదె ముందు
తవుడంతా పోసొచ్చి
తాళాలిచ్చాడు.

సాయంత్రం నా చేత పద్దు రాయించాడు:
అందింది, తవుడు, ఒక శేరు.
బాకీ, పదకొండు వందలు.